మందుగింజ

నాదస్వరం వాయించే సైదులు ఎడమ చేతి చర్మం కింద బియ్యపుగింజంత యంత్రం ఉంది. ఆ వీధిలో చాలామందికి అలాంటిదే ఉంది. అది ఉబ్బసాన్ని కనిపెట్టి, కావలసినంత స్టెరాయిడ్ మందు రక్తంలోకి వదులుతుంది. మాట్లాడుతుంది కూడా.

ఆ మందుతో సైదులుకు ఊపిరి తేలికైంది కానీ ముఖం ఉబ్బింది, ఆకలి విపరీతమైంది. ఒక ఉదయం టీ తాగుతూ సైదులు విసుక్కున్నాడు.

"నాకు నయమైపోయిందిగా. ఇక ఆపెయ్."

"ఒక్కసారిగా ఆపకూడదండీ," అంది గింజ. "ఇన్నాళ్లూ నేనిస్తున్నానని, ఇలాంటి రసాన్ని సొంతంగా తయారుచేసుకోవడం మీ ఒళ్లు తగ్గించేసింది. మెల్లగా మానిపిస్తాను."

"దీన్ని ఇవాళే తీయించేస్తా," అన్నాడు సైదులు భార్యతో.

హుసేన్‌బీ బియ్యం కడుగుతూనే అంది. "మీ అన్న కూడా ఇట్టాగే, ఈ మందు మాత్రలే ఒక్కసారిగా మానేశాడు. పెళ్లిపందిట్లో కూలిపోతే ఆస్పత్రికి మోసుకెళ్లింది మీరేగా."

"సరే, మెల్లగానే మానిపించు," అన్నాడు సైదులు గింజతో.

ఆ తర్వాత గింజ మందు తగ్గించినప్పుడల్లా అతను నీరసపడి పడుకునేవాడు. నాలుగు రోజులకు మళ్లీ లేచి తిరిగేవాడు. వానాకాలం వెళ్లేసరికి ముఖం మునుపటిలా అయింది.

"ఈ రోజు నుంచి మందు లేదండీ. ఉబ్బసం మీద ఒక కన్నేసి ఉంచుతాను," అని గింజ చెప్పిన పొద్దున సైదులు నాదస్వరం అందుకున్నాడు. కల్యాణి రాగం ఎత్తుకుని, పై స్వరాన్ని గుండెల్లో గాలి ఉన్నంతసేపూ నిలిపాడు.

హుసేన్‌బీ గడప దగ్గర కూర్చుండిపోయింది. వాయిస్తూ వాయిస్తూ ఆయన ఊపిరి ఎక్కడ ఆగిపోతుందోనని భయపడి, ఆమె కచేరీలకు వెంట వెళ్లడం మానేసి ఏడాదైంది.

"రేపటి పెళ్లికి నేనూ వస్తా," అంది.