పేషెంటు తాలూకు

"నమ్మించి గొంతు కోశారు కదా మేడమ్! అడిగింది మీరు. చెప్పించింది మీరు. మంచం ఇప్పిస్తానని మాటిచ్చింది మీరు. ఇప్పుడు లేదంటారా?"

మానసిక వైద్యశాల ఓపీలో ఆ ఇరుకు గది అదిరిపోయింది. అరిచినవాడు పేషెంటు కాదు, పేషెంటు తాలూకు మనిషి. పేషెంటు అతని వెనకాల తలుపుకి ఆనుకుని నిలబడింది. చిన్నపిల్ల, పాతికేళ్ళు కూడా ఉండవు. చేతిలో మందుల సంచి రాత్రి వానకి నాని ముద్దయిపోయింది.

బల్ల అవతల కూర్చున్నావిడని అందరూ ప్రశ్నల మేడమ్ అంటారు. పొద్దున్నే వెనక గేటు నుంచి వస్తుంది, సాయంత్రం వెనక గేటు నుంచే పోతుంది. డాక్టరు చూసేముందు పేషెంట్లని ప్రశ్నలడగడం ఆవిడ పని. తింటున్నావా? ఎక్కడ పడుకుంటున్నావు? ఎవరికైనా భయపడుతున్నావా? రోగంతోపాటు బతుకునీ చూడాలని పైవాళ్ళు కొత్తగా పెట్టిన పద్ధతి. మంచి పద్ధతే. అడిగి ఊరుకోకుండా ఉంటే.

పోయిన నెల ఈ అమ్మాయినీ అడిగింది. "బస్టాపులో పడుకుంటున్నా" అంది అమ్మాయి నేలకేసి చూస్తూ. మేడమ్ ప్రాణం చివుక్కుమంది. "మహిళల వసతి గృహంలో మంచం ఇప్పిస్తా. నాదీ పూచీ" అంది. నిజంగానే పైవాళ్ళని అడిగింది. "అన్న ఉన్నాడుగా, మంచం దేనికి?" అన్నారు వాళ్ళు. మేడమ్ నోరు మూసుకుని వచ్చేసింది. మంచం ఇంకొకరికి పోయింది.

"లేదనక ఏమనాలి?" అంది మేడమ్. "నా అన్నవాళ్ళు లేనివాళ్ళకే ఆ మంచాలు. నీలాంటి అన్న ఉండగా ఎవరిస్తారు?"

"నేనుంటే ఏంటండీ? పడుకునేది రోడ్డు మీదేగా! తడవని మందు బిళ్ళ ఒక్కటి లేదు. ఇవి మింగకపోతే మళ్ళీ గోడకి తల బాదుకుంటుంది."

"ఆ సంగతి ఇప్పుడు గుర్తొచ్చిందా? మందుల రోజు దగ్గరుండి తీసుకొస్తావు, బుద్ధిగా పక్కన కూర్చుంటావు. అన్నంటే ఇలా ఉండాలనుకున్నా. నన్నూ బోల్తా కొట్టించావు. మీ ఇంట్లో ఈ పిల్లకి చాపెడు చోటు లేదా?"

"ఒక్క గదిలో ఆరుగురం మేడమ్. నేనే గుమ్మంలో కాళ్ళు బయట పెట్టుకుని పడుకుంటా."

"మీ ఆవిడ గడప తొక్కనివ్వదని చెప్పరాదూ!"

అతను మెడలో వేలాడుతున్న విజిల్‌ని వేళ్ళతో తిప్పాడు. ఎక్కడో బయట హారన్లు మోగుతుంటే కిటికీ వైపు చూశాడు. జారుకునే ఆలోచనలో ఉన్నాడనుకుంది మేడమ్.

"నువ్వు చెప్పమ్మా. మీ అన్న నిన్నెందుకు గెంటేశాడు?"

"ఆయన్నేమీ అనకండి" అంది అమ్మాయి. తర్వాత అతనితో, "మీరు పనికి పోండి. నా కోసం మాటలు పడొద్దు. నేను బస్టాపుకే పోతాను."

"చూశావా? గెంటేసినవాణ్ణే వెనకేసుకొస్తోంది!" మేడమ్ అతని వైపు తిరిగింది. "సిగ్గనిపించడం లేదూ? తోబుట్టువుని వానలో వదిలేసి, ఇక్కడికొచ్చి మా మీద ఎగురుతావా? ఉండు, పోలీసుల్ని పిలుస్తా."

ఫోన్ చేతిలోకి తీసుకుంది.

"పిలవండి!" అతను బల్ల మీద గుద్దాడు. "తాలూకు మనిషి లేడని ఈ పిల్లని మీ వాచ్‌మన్ గేటు దగ్గర్నించే తరిమేస్తుంటే, చూడలేక గేటు పక్కనున్న నా బండ్ల స్టాండు గాలికొదిలేసి అన్ననని అబద్ధమాడి లోపలికి తెచ్చాననీ, ఈ పిల్లది ఏ ఊరో కూడా నాకు తెలీదనీ వాళ్ళకే చెప్తాను గానీ, ముందు ఆ మంచం ఇవాళే ఇప్పించండి!"