గడప దాటని రిపోర్టు

అక్క తన ఐడీ కార్డు తీసి తమ్ముడి టేబుల్ మీద పెడుతుండగానే, డైరెక్టర్ సెల్‌ఫోన్ పట్టుకుని సర్వర్ గదిలోకి వచ్చాడు.

“భలేవాడివయ్యా! నీ రిపోర్టులు క్లౌడ్‌లోకి ఎక్కాక కారులో కూర్చునే చూసేస్తున్నాను. కానీ ఇదేంటి, పోయిన నెల మూసేసిన బ్రాంచి లాభాల్లో ఉన్నట్టు చూపిస్తోంది?”

“లాభాల్లోనే ఉండేది సార్. చూసి కూడా మూసేశారనుకున్నాను,” అన్నాడు తమ్ముడు.

ఆ బ్రాంచిలో ఉద్యోగం పోగొట్టుకున్న అక్కకూ అతను ఇన్నాళ్లూ అదే చెబుతున్నాడు. తన రిపోర్టు ఆమె పక్షానే మాట్లాడిందనీ, పెద్దవాళ్లే వినలేదనీ.

“ఎక్కడ చూశాం? అప్పుడది మన సర్వర్లో ఉంది, ఆఫీసు దాటితే తెరుచుకోదు. మీటింగేమో బయట పెట్టుకున్నాం. నోటి లెక్కలతో తేల్చేశాం.” డైరెక్టర్ గొంతు తగ్గించాడు. “క్లౌడ్ పెడదామని అప్పుడే అంటే, మన లెక్కలు గడప దాటకూడదని మొండికేసింది నువ్వే కదయ్యా! ఇప్పుడేం లాభం, ఆ బ్రాంచి బిల్డింగు కూడా ఓనరుకి అప్పజెప్పేశాం.”

ఆయన వెళ్లిపోయాడు. తమ్ముడికి కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. టేబుల్ మీది అక్క ఐడీ కార్డు చేతిలోకి తీసుకున్నాడు.

“నన్ను తిట్టవే అక్కా,” అన్నాడు.

అక్క సంచి భుజాన వేసుకుంది.

“తిడితే ఉద్యోగం తిరిగొస్తుందేంట్రా? మీ బావకి మాత్రం ఈ మాట చెప్పకు. మా తమ్ముడు నాకోసం వాళ్లతో పోట్లాడాడని రోజూ చెప్తున్నాను ఆయనకి.”