అట్టు తిప్పిన చెయ్యి

నాంచారమ్మ టెన్నిస్ చూస్తూ అట్టు వేస్తే అది ఎగిరి ఫ్యాను రెక్కకు చుట్టుకుందని ఎదురింటి పేరంటాలు ఊరంతా చెప్పిందట. ఆ పేరంటాలే మొన్న సెమీఫైనల్ చూస్తూ మొగుడి చెంప వాయించింది. ఆట చూసేవాళ్లు చేతికి వేసుకునే ఆ ఆట తొడుగు వేసుకున్నాక ఎవరి చెయ్యీ వారి మాట వినదు మరి. కోర్టులో పిల్ల ఎలా కొడితే ఇంట్లో చెయ్యి అలా ఊగుతుంది.

నాంచారమ్మది మాత్రం కూతురు కృత్తిక సాధనకు వాడిన పాత తొడుగు. అది రెండువైపులా పనిచేస్తుంది; ఇంట్లో చెయ్యి తిప్పినా కోర్టులో కృత్తిక చెయ్యి తిరుగుతుంది. "ఫైనల్ రోజున దాన్ని ముట్టుకోకమ్మా, నామీద ఒట్టు" అని కృత్తిక మరీ మరీ చెప్పింది. ఒట్టు గుర్తుంది గానీ మనసు ఆగక నాంచారమ్మ తొడిగేసుకుంది.

విశాఖలో ఆడవాళ్ల ఫైనల్. ఎండకు నీలం కోర్టు పెనంలా కాలుతోంది. కప్పుకు ఒక్క పాయింటే దూరం. కృత్తిక బంతిని బలంగా బాదబోతుండగా ఇక్కడ పెసరట్టు మాడు వాసన వచ్చింది. నాంచారమ్మ చటుక్కున అట్లకాడ తిప్పింది. అక్కడ రాకెట్టు మెత్తగా తిరిగింది. బంతి నెట్టు దాటి అట్టులా చతికిలబడింది. అవతలి పిల్ల ఎక్కడో వెనకాల నోరు తెరుచుకు నిలబడిపోయింది. తొడుగులు వేసుకున్న ఊరంతా గాల్లో తలా ఒక అట్టు తిప్పి ఈలలు వేసింది.

అంతలో తొడుగు జాడ పట్టుకుని నాంచారమ్మ ఇంటి గోడమీది తెరలో అంపైరమ్మ కనిపించింది.

"నిజం చెప్పండమ్మా, ఆ దెబ్బ ఎవరిది? మీదైతే కప్పు ఇవ్వడానికి లేదు."

ఆమె వెనక కృత్తిక బిక్కమొహం వేసుకుని నిలబడి ఉంది.

నాంచారమ్మ పెనంమీద నూనె చిలకరించి అంది: "ఆ చెయ్యి నేను కన్నదేనమ్మా. ఎవరి పేరున రాసుకుంటావో రాసుకో."