పళ్ళు కనపడకూడదు

“కట్! ఎవరర్రా ఆ పళ్ళు?”

డైరెక్టరమ్మ కేకకి చావింటి సెట్టులో అందరూ ఉలిక్కిపడ్డారు. మంచం మీది శవం కూడా ఒక కన్ను తెరిచి చూసింది. మంచం చుట్టూ కూర్చున్న బంధువులు, అంటే బంధువుల వేషం వేసినవాళ్ళు, ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ప్రతి మొహంలోనూ పైవరస పళ్ళు తళతళలాడుతున్నాయి.

“మేం ఏడుస్తూనే ఉన్నాం కదక్కా,” అన్నాడు స్ప్రింగు. ఒకప్పుడు గాల్లోకి ఎగిరితే కిందికి దిగడం మర్చిపోయేవాడు కాబట్టి ఆ పేరొచ్చింది. ఇప్పుడు మోకాళ్ళు పోయాయి, పేరు మిగిలింది.

“ఇదేం ఏడుపురా? పోయింది మీ అమ్మమ్మ. పక్కింటావిడ కాదు!”

నిజానికి తప్పు వాళ్ళది కాదు. వాళ్ళంతా సినిమా పాటల్లో గుంపు డాన్సర్లు. కెమెరా తిరిగిందంటే కాలు బెణికినా, మేకు దిగినా పళ్ళు కనపడాల్సిందేనని డాన్సు మాస్టర్లు తిట్టి తిట్టి నేర్పిన చదువది. డైరెక్టరమ్మా ఆ బడిలో చదువుకున్నదే. వెనక వరసలో ఎగిరి, ముందు వరసకొచ్చి, ఆఖరికి కెమెరా వెనక కుర్చీ సంపాదించింది. ఇది మొదటి సినిమా. పాటలన్నీ అవలీలగా తీసేసింది. వచ్చిన చిక్కల్లా ఈ చావుతోనే. ఏడ్చేవాళ్ళు కావాలనగానే పాత స్నేహితులందర్నీ పిలిచేసింది. ప్రేమ గుడ్డిది కదా, పళ్ళు కనపడలేదు.

గ్లిజరిన్ రాయించింది. కళ్ళు ధారగా కారాయి, నోళ్ళు మాత్రం అలాగే వెలిగాయి. కెమెరాని చప్పుడు కాకుండా తిప్పమంది. అయినా వాసన పట్టేసినట్టు గడ్డాలన్నీ కలిసికట్టుగా లేచాయి.

నిర్మాత లేచొచ్చాడు.

“ఏమ్మా డైరెక్టరమ్మా, ఇంతకీ ఇది చావా, పెళ్ళా?”

“ఇంకొక్క అవకాశం ఇవ్వండి సార్.”

“పొద్దుట్నుంచీ అదే ఇస్తున్నా. ఇదే ఆఖరు. ఇంకొక్క పన్ను కనపడిందా, రేపట్నుంచి ఆ కుర్చీ మా బావమరిదిది. వాడు బయట కార్లో తల దువ్వుకుంటూ రెడీగా ఉన్నాడు.”

అప్పుడే శవం లేచి కూర్చుంది. “నావల్ల కాదు తల్లీ. నడుం పట్టేసింది. నిజం శవాన్నైనా ఇంతసేపు ఉంచరు,” అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

డైరెక్టరమ్మ కాసేపు ఖాళీ మంచం వంక చూసింది. తర్వాత మేకప్ అతన్ని పిలిచి, “నా జుట్టుకి ఇంత తెల్ల పౌడరు కొట్టు. శవం నేనే,” అంది.

“మంచి పని. ఎలాగూ అలవాటు చేసుకోవాలిగా,” అని నిర్మాత టీవీ ముందు కూర్చున్నాడు. షాటంతా అందులోనే కనపడుతుంది.

ఆమె కెమెరామన్‌కి చెప్పింది. “అందరి మొహాల మీదుగా మెల్లగా వచ్చి, నా మొహం మీద ఆగు అన్నయ్యా. కట్ చెప్పేదాకా కదలకు.” మెడదాకా దుప్పటి కప్పుకుని పడుకుంది. తల తిప్పి తన గుంపుని చూసింది.

“ఒరేయ్, ఏడవమని ఇంక అడగను. ఒక్క మాట వినండి. ఈ షాటు పోతే నా పని అయిపోయినట్టే. ఆ కుర్చీలోంచి దింపేసినదాన్ని మళ్ళీ వెనక వరసలో కూడా ఎవరూ నిలబెట్టరు. మనలోంచి ఒకత్తి అక్కడిదాకా వెళ్ళిందని మీరు ఊరంతా చెప్పుకున్నారు. రేపట్నుంచి చెప్పుకోకండి. అంతే.”

కళ్ళు మూసుకుంది. కెమెరా తిరిగింది.

స్ప్రింగు మంచం పట్టె పట్టుకుని ముందుకి వంగాడు. “అక్కా...” అన్నాడు. ఆ ఒక్క మాటతో కట్ట తెగింది.

“నాకు జ్వరమొస్తే నన్ను వెనక దాచి, నా స్టెప్పులు కూడా నువ్వే వేశావు కదే!” అని ఒకామె కాళ్ళ మీద పడింది.

“మా చెల్లి కాన్పుకి నువ్వొక్కదానివే వచ్చావు కదక్కా!” అని ఇంకొకతను తల బాదుకున్నాడు. స్ప్రింగు మోకాళ్ళ సంగతి మర్చిపోయి నేలమీద కూలబడ్డాడు. అందరి మొహాలూ వంకరపోయాయి, ముక్కులు కారాయి, పెదాలు బిగుసుకుపోయాయి. లైట్లు పట్టుకున్నవాళ్ళు కూడా చొక్కాలతో కళ్ళొత్తుకున్నారు.

దుప్పటి కింద డైరెక్టరమ్మకి ఒక్కో ఏడుపూ వినపడుతోంది. వీళ్ళకి తనంటే ఇంత ప్రేమా అనుకుంది. గుండె నిండిపోయింది. షాటు గెలిచింది, కుర్చీ నిలిచింది. కెమెరా దగ్గరికి వస్తున్న చప్పుడు, తర్వాత మొహం మీద లైటు వేడి తెలిశాయి. కట్ చెప్పాల్సింది తనే, కానీ చచ్చినవాళ్ళు కట్ చెప్పకూడదు కాబట్టి ఊపిరి బిగబట్టి పడుకుంది.

“కట్!” అన్నాడు నిర్మాత. గొంతు బొంగురుపోయింది.

స్ప్రింగు కుంటుకుంటూనే పరుగెత్తుకెళ్ళాడు. “ఎలా ఉంది సార్?”

“ఆహా! ఏం ఏడుపయ్యా! మా నాన్న పోయినప్పుడు కూడా నాకిన్ని కన్నీళ్ళు రాలేదు,” అని నిర్మాత చేతిరుమాలుతో ముక్కు చీదుకున్నాడు. “వెళ్ళి మా బావమరిదిని లోపలికి రమ్మను.”

“అదేంటి సార్? మాలో ఒక్కడి పన్నైనా కనపడిందా?”

“మీరు ఏడ్చారు నాయనా, బ్రహ్మాండంగా ఏడ్చారు. ఇకిలించింది శవం!”