వేడి ఆరని బొటనవేలు

హలో, అందరూ లైన్లో ఉన్నారా? బాగున్నారా? అయితే వినండి. రాబోయే కాలంలో అనంతపురం అంతా ఇసుక ఎడారి. నీళ్లున్న దొరలదే రాజ్యం. వాళ్ల బానిసల మెడల్లో ఉక్కు పట్టీలు. యజమాని వేలిముద్ర పడితేనే అవి బిగుసుకుంటాయి, ఊడతాయి.

చిన్నదొర సింగరాయుడు, బానిసల యజమాని అయిన సొంత అన్నకు విషం పెట్టించి చంపాడు. దొరలు నెత్తురు ముట్టరు, అది వాళ్ల ఆచారం. అందుకే తాను తెర అవతల నిలబడి, బానిస ఓబులమ్మకు కత్తి ఇప్పించాడు.

“అన్న బొటనవేలు కోసి తేవే! అది ఉంటే బానిసలంతా నావాళ్లే. చల్లబడితే పనికిరాదు, తొందరగా!”

“తెస్తాండా దొరా.”

ఆమె వేలు కోసి, ముందు అదే గదిలో ఉన్న కూతురు సుంకులి పట్టీ మీద అదిమింది. పట్టీ ఊడిపడింది.

“పరిగెత్తు నా తల్లీ!”

తర్వాత అక్కడే ఉన్న వంటవాళ్లవి, నీళ్లు మోసేవాళ్లవి ఊడదీసింది. తన వంతు వచ్చేసరికి వేలు చల్లబడిపోయింది.

చిన్నదొర తెర లాగి చూశాడు. గదిలో ఓబులమ్మ తప్ప ఎవరూ లేరు. కోపంతో పళ్లు కొరికాడు.

“అందర్నీ తోలేసి నువ్వే ఇరుక్కుంటివి గదే! పట్టీ నీ మెడకే ఉండాది.”

“మెడకే గదా దొరా, చేతికి కాదు గదా!” అంటూ ఓబులమ్మ అతని గొంతులో కత్తి దించింది.

ఓబులమ్మ కథ మీకు తెలిసిన నలుగురికీ పంపండి, దండం పెడతా.