ఆఖరి కాపలా

"నడవండర్రా, నడవండి! హనోరా ముసలమ్మ వంతెన దాటేసింది!"

అన్న శవపేటికను భుజాన మోస్తూనే టైగ్ కేకలేశాడు.

వంతెన దాటింది ముసలమ్మ కాదు, ఆమె పెట్టె. మోస్తున్న కొడుకులూ పరుగులాంటి నడకే నడుస్తున్నారు.

కొండమీది చర్చికి ఎనిమిది వందల ఏళ్ళు. కప్పు ఏనాటి యుద్ధంలోనో తగలబడింది, గోడలు మిగిలాయి. చుట్టూ ఉన్న శ్మశానం ఎంత నిండిందంటే, ఒక గొయ్యి తవ్వితే ముగ్గురు తాతలు పైకొస్తున్నారు. అందుకే కౌన్సిల్ వాళ్ళు ఇవాళ్టితో సరి అన్నారు. రేపట్నుంచి అందరూ కొత్త శ్మశానానికే.

చిక్కంతా అక్కడే వచ్చింది. ఊళ్ళో నమ్మకం ప్రకారం, ఆఖరున పూడ్చిన మనిషి ఆత్మ గేటు దగ్గర కాపలా ఉండాలి. తరవాతి శవం వస్తేనే సెలవు. మరి ఇవాళ వెనకబడినవాళ్ళకి? ఇక తీర్పురోజు దాకా నిలబడాల్సిందే.

కోర్మక్ అన్నయ్య అసలే సుకుమారం. అట్లాంటిక్ గాలి తగిలితే మంచం దిగేవాడు కాదు.

"ఆగండి! నా బూటు బురదలో దిగబడింది!" వెనక నుంచి వదిన గాబ్నెట్.

ఆగారు.

నాలుగు దారుల కూడలిలో మళ్ళీ ఆపింది. ఇక్కడ ప్రార్థన చెప్పకుండా పోతే ఎలా అంది. జపమాల మొత్తం తిప్పింది.

"వదినా, నీకు పుణ్యముంటుంది, ఒక పూస వదిలెయ్!"

"ఆయన పోయిన రోజైనా తీరిగ్గా చెప్పుకోనీ, మరిదీ." శాలువాతో కళ్ళొత్తుకుంది.

కొండెక్కేసరికి ముసలమ్మ పెట్టె గేటుకు బారెడు దూరంలో ఉంది. టైగ్‌కి పాత ఉపాయం గుర్తొచ్చింది.

"గోడెక్కండ్రా! పెట్టెను పైనుంచి లోపలికి అందించేద్దాం!"

గాబ్నెట్ గోడకు అడ్డంగా నిలబడింది. "నా మొగుడేమన్నా దొంగా, గోడ దూకడానికి? దర్జాగా గేట్లోంచే వెళ్తాడు."

ఈ వాదన తెమిలేలోపు ముసలమ్మ లోపలికి వెళ్ళిపోయింది. ఆమె పెద్దకొడుకు టోపీ ఊపాడు. "మా అమ్మ పడుకుంటుంది టైగ్! చప్పుడు చెయ్యకుండా కాపలా కాయమను మీ అన్నని!"

పూడ్పులు రెండూ అయ్యాక టైగ్ గేటు పట్టుకుని బావురుమన్నాడు. "ఎంత పని చేశావు వదినా! అన్నయ్యకిక విశ్రాంతన్నదే లేకుండా పోయిందే!"

గాబ్నెట్ బూటు బురదను గడ్డికి తుడుచుకుంది.

"పెళ్ళైన నాటి నుంచి ఒక్కనాడూ పనికి పోని మనిషికి, ఇన్నాళ్ళకి పర్మనెంటు ఉద్యోగం వేయించాను మరిదీ."