లెక్క తేలని క్లోరిన్

"నిన్న సాయంత్రం కొలిచి మరీ వేసేను. ఇవాళ మళ్లీ సున్నా!" శ్యాంప్రసాద్ ఫోన్లో అరిచినంత పని చేశాడు. రెండో చేతిలో నీళ్లలో ముంచి తీసిన పరీక్ష కాగితం ఉంది. గులాబీ రంగుకి తిరగాల్సిన చోట తెల్లగా అతన్ని వెక్కిరిస్తోంది.

"ఎండకి ఎగిరిపోయుంటాది మాస్టారూ. లిక్విడ్ మానేసి బిళ్లలు వాడండి," అన్నాడు విశాఖపట్నంలోని పూల్ సామాన్ల షాపాయన.

"బిళ్లలే వాడతన్నాను! మీరే ఇచ్చేరు!"

"అయితే ఆదివారం మా మెకానిక్‌ని పంపుతాను," అని షాపాయన ఫోన్ పెట్టేశాడు.

శ్యాంప్రసాద్ రావికమతం హైస్కూల్లో లెక్కల మాస్టారు. చోడవరంలో సొంతిల్లు. ఇంటి వెనక జాగాలో చిన్న స్విమ్మింగ్ పూల్ కట్టించింది సరదాకి కాదు. బండి మీంచి పడి భార్య కావేరికి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసిన డాక్టరు, "నీళ్లలో నడిపించండి, ఒంటి బరువు తెలీదు" అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని నెల తిరక్కుండా గొయ్యి తవ్వించి పలకలు పరిపించాడు.

పూల్ అయితే వచ్చింది గాని, నీళ్లే మాట వినడం లేదు.

మొదట బ్లీచింగ్ పౌడర్ వేశాడు. అసలే బోరు నీళ్లు, పైన ఆ పౌడరు. పూలంతా సున్నపు తేటలా తెల్లబడి అడుగున గసి పేరుకుంది. తర్వాత లిక్విడ్ క్లోరిన్ పోశాడు. పొద్దున పోస్తే సాయంత్రానికి ఆనవాలు లేదు. ఉప్పు నుంచి క్లోరిన్ తీసే మెషీన్ పెట్టుకోమన్నాడొకాయన. రోజూ పోయే కరెంటుతో అది నడిచే పని కాదు. చివరికి బిళ్లలు. పద్దెనిమిది వేల లీటర్లకి ఎన్ని వెయ్యాలో నోట్‌బుక్కులో మూడుసార్లు లెక్క కట్టాడు. మూడుసార్లూ ఒకే జవాబు వచ్చింది. నీళ్లు మాత్రం మూడో రోజుకే పచ్చబడ్డాయి. పైగా ముక్కు పగిలే వాసన.

"వాసనొస్తే వచ్చింది, దిగుతానండీ," అంది కావేరి ఒకసారి.

"కాలి వేలు కూడా ముంచొద్దు. ఆపరేషనైన కాలు. క్రిములు చేరితే మళ్లీ మొదటికొస్తాం. నీళ్లు సరిగ్గా ఉన్నాయని నేను చెప్పాలి, అప్పుడు దిగాలి," అన్నాడు కచ్చితంగా. ఆమె మళ్లీ అడగలేదు. రెండు నెలలుగా వెనక వసారాలో కుర్చీలో కూర్చుని ఆ నీళ్లకేసే చూస్తోంది. ఆమెను అలా చూసినప్పుడల్లా అతనికి తన మీద తనకే ఒళ్లు మండిపోయేది.

ఆదివారం పొద్దున్నే మెకానిక్ సంతోష్‌కుమార్ వచ్చాడు. పూల్లోంచి చిన్న గొట్టంలోకి నీళ్లు తీసి, చుక్కల మందు వేసి చూశాడు. రంగు రాలేదు. ఇంకో సీసాలోంచి రెండు చుక్కలు వేశాడు. నీళ్లు ఒక్కసారిగా ఎర్రగా తిరిగాయి.

"పనికొచ్చే క్లోరిన్ లేదు మాస్టారూ. పని చేసేసి సత్తువ సచ్చిపోయింది మాత్రం బోలెడుంది. ఆ ఘాటు వాసన దాందే. వాసనెక్కువైందని మీరు మందు తగ్గించేరు కదూ?"

"తగ్గించేను."

"అక్కడే దెబ్బతిన్నారు. ఇంకా ఎక్కువెయ్యాలి."

"ఉండవయ్యా. పని చేసేసిందంటే, ఏటి పని చేసింది?"

"ఏటుంటాదండీ? మనుషుల సెమట, ఒంటి జిడ్డు. రోజుకి ఎంతమంది దిగతారు ఇందులో?"

"ఒక్కరూ దిగలేదు! కట్టిన కాడ్నించి ఒక్కరంటే ఒక్కరూ!"

సంతోష్‌కుమార్ వంగి, నీటి అంచున పలకల మీద వేలితో రాసి చూపించాడు. వేలు జిడ్డుగా మెరిసింది. "నూనె మాస్టారూ. రోజూ దిగతన్నారు. మీకు తెలీదంతే."

శ్యాంప్రసాద్ ఇంటికేసి తిరిగి చూశాడు. ఇన్నాళ్లూ తన లెక్క తప్పలేదన్నమాట! తను బడికి వెళ్లాక ఇంట్లో ఉండేది ఇద్దరే. ఒకరు లేవలేని కావేరి. రెండోది ఆమెను చూసుకోడానికి పెట్టిన అచ్చియ్యమ్మ. అచ్చియ్యమ్మ అప్పుడే టీ గ్లాసులతో వస్తోంది.

"అచ్చియ్యమ్మా! నేను లేనప్పుడు ఈ నీళ్లలో దిగతన్నావా?"

ఆమె గ్లాసులు గట్టు మీద పెట్టి తల వంచుకుంది.

"నిన్నే అడుగుతన్నాను. సెప్పు!"

"దిగతన్నాను బాబూ."

రెండు నెలల ఉక్రోషం ఒక్కసారిగా తన్నుకొచ్చింది. "ఎవరి కోసం కట్టేనే ఇది? ఆవిడ కాలు పెట్టకుండా కుర్చీకి కట్టేసినట్టు కూచోబెట్టేనే! నేను ఊళ్లన్నీ తిరిగి మందులు తెచ్చి పోస్తంటే, నువ్వు జలకాలాడతన్నావా? నా కళ్ల ముందు ఉండొద్దు. రేపట్నించి రావద్దు!"

అచ్చియ్యమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఆవిణ్ని ఏటీ అనకండి. నేను పడిపోకుండా పట్టుకోడానికి దిగింది," అన్న మాట వీపు వెనకే వినిపించి శ్యాంప్రసాద్ గిరుక్కున తిరిగేసరికి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వసారా మెట్లు దిగి వచ్చిన కావేరి అడుగు దూరంలో నిలబడి ఉంది.